సంఘటనల రిజిస్టర్ – 4వ పాఠం: తేదీల తంటా

ఆసుపత్రిలో రోగికి హాని చేసిన సంఘటనలనూ వాటి విచారణనూ రాసుకునే రిజిస్టర్ గురించి ఈ పాఠాలు. పోయిన పాఠం తర్వాత మీరు పంపిన రిజిస్టర్లు చూశాను. కేసు నంబరు, వార్డు, విచారణాధికారి పేరు బాగానే రాశారు. బోల్తా పడింది తేదీ దగ్గర. చాలామంది ‘తేదీ’ అని ఒకే గడి పెట్టి వదిలేశారు. అందుకే సిబ్బంది వాంగ్మూలాల సంగతి వచ్చే పాఠానికి వాయిదా వేశాను.

జనవరిలో ఆపరేషన్ అయింది, కడుపులో గాజుగుడ్డ ఉండిపోయింది. జూన్‌లో స్కాన్ తీస్తే బయటపడింది. మరో రెండు రోజులకు పై అధికారులకు రిపోర్ట్ వెళ్లింది. మరి మీ గడిలో ఏది రాస్తారు? జరిగిన తేదీ, బయటపడిన తేదీ, తెలియజేసిన తేదీ, మూడింటికీ విడివిడి గడులు కావాలి. విచారణ ముగించే గడువు ఏ తేదీ నుంచి మొదలవుతుందో మీ నిబంధనల్లో చూసుకోండి. ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో 2015 నాటి నిబంధనల ప్రకారం ఈ గడువు తెలియజేసిన రోజు నుంచి 60 పనిదినాలు ఉండేది. జనవరి నుంచి లెక్కేస్తే విచారణ మొదలవకముందే గడువు దాటిపోతుంది! 60 పనిదినాలంటే కనీసం 12 వారాలు, రెండు నెలలు కాదు. 2022లో ప్రకటించిన కొత్త విధానంలో ఈ లెక్క తీసేశారు. గడువును బాధితులతో, వాళ్ల కుటుంబంతో మాట్లాడి ఖరారు చేస్తారు, ఆరు నెలలు మించకూడదు.

ఇక నాకు ఒళ్లు మండేది, నివేదికపై సంతకం పడగానే ‘ముగిసింది’ అని రాసేయడం. గాఢ పొటాషియం క్లోరైడ్‌ను (పలచన చేశాకే ఎక్కించాల్సిన మందు) సెలైన్ అనుకుని నేరుగా నరంలోకి ఎక్కించారనుకోండి, గుండె ఆగిపోవచ్చు. ఆ మందు ఆంప్యూళ్లను (చిన్న సీసాలను) వార్డు అల్మారాలోంచి తీసేయమని నివేదిక చెప్పింది. నివేదిక ఆమోదం పొందింది, ఫైలు మూశారు, ఆంప్యూళ్లు మాత్రం అల్మారాలోనే ఉన్నాయి. అడిగితే సర్క్యులర్ కాపీ చూపిస్తారు. నిన్న డ్యూటీలో చేరిన నర్సు ఆ సర్క్యులర్ చూసి ఉంటుందా? ‘శిక్షణ ఇచ్చాం’ అన్నదీ అంతే. ఆమోదించిన తేదీ, అమలు చేసిన తేదీ, వెళ్లి చూసి వచ్చిన తేదీ: మూడోది నిండేదాకా కేసు తెరిచే ఉంచండి. చూసి వచ్చిన మనిషి పేరు కూడా రాయండి, అది ఆ వార్డు వాళ్లది కాకూడదు.

గడువు దాటినవాటికి ఎరుపు, మిగతావాటికి ఆకుపచ్చ అంటూ గడులకు రంగులు వేయాలా అని కొందరు అడిగారు. నేను వేయను. నలుపు తెలుపు ప్రింట్‌లో ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపించవచ్చు. ‘గడువుకు ఇంకా ఎన్ని రోజులు’ అన్న గడి చాలు.

సాధన: మీ రిజిస్టర్‌లో ‘ముగిసింది’ అని ఉన్నవాటిలో అన్నిటికంటే పాత ఐదు కేసులు తీయండి. ఒక్కో సిఫార్సు పట్టుకుని ఆ వార్డుకు వెళ్లి, ఇప్పుడు అక్కడ ఏముందో చూసి రాయండి. ఫోన్‌లో అడిగి నింపితే లెక్కలోకి రాదు.