సోలార్ కంపెనీకి చేను లీజుకిస్తున్నారా? సంతకానికి ముందు ఇవి చూసుకోండి

మీ ఊళ్లోకి ఎవరో వచ్చి ఎకరాకు ఏటా ముప్పై వేలిస్తాం, ఇరవై ఐదేళ్లకు అగ్రిమెంటు రాసుకుందాం అంటున్నారంటే ముందు ఒక్క పని చేయండి, ఆ రోజు మాత్రం సంతకం పెట్టకండి. లీజుకివ్వొద్దని చెప్పడం లేదు. పాత కర్నూలు జిల్లా శకునాల, గని ఊళ్ల దగ్గర 2017లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. ఎన్‌పీ కుంట, గాలివీడు, మైలవరం, తాడిపత్రి పక్కన తలారిచెరువు, ఇలా మన పాత కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఎటు పోయినా ప్యానెళ్లు కనిపిస్తున్నాయి. ఏటికేడు పెరిగే దేశానికి కరెంటు కావాలి, మన దగ్గర ఎండ ఉంది, గాలి ఉంది. బుడ్డలు (వేరుశనగ) వేసి వాన కోసం ఆకాశం వైపు చూసే చేనుకు ఏటా ఖాయంగా డబ్బు రావడం చిన్న విషయం కాదు. కానీ ఒక మెగావాటుకు నాలుగైదు ఎకరాలు కావాలి, అదీ ఒకే చోట కలిసి ఉండాలి, కాబట్టి మన భూమి లేకపోతే వాళ్లకు ప్రాజెక్టే లేదు. ఆ బలం మన చేతిలో ఉండేది సంతకం పెట్టేదాకానే.

వాళ్ల కాగితం చదివే ముందు మీ కాగితాలు తీయండి. భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చెప్పే 1బి, అడంగల్, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి భూమి మీద అమ్మకాలు, తాకట్లు చూపే ఈసీ, సర్వే వాళ్ల దగ్గర చేను కొలతల పటం ఎఫ్‌ఎంబీ. రీసర్వే అయిన ఊరైతే పాత సర్వే నంబరు పక్కన కొత్త ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబరు కూడా రాసుకోండి. పాస్‌బుక్కులో 4 ఎకరాల 12 సెంట్లు ఉండి, గట్టు మీద కొలిస్తే 3 ఎకరాల 90 సెంట్లే తేలిందనుకోండి, కంపెనీ అద్దె కట్టేది కొలతలో తేలినదానికే. గట్టు పంచాయితీ ఉంటే ఇప్పుడే పక్కచేను వాళ్లను పిలిచి తేల్చుకోండి, ఫెన్సింగ్ పడ్డాక ఎవరూ ఒప్పుకోరు. భూమి ఇంకా తాత పేరుతోనే ఉంటే ముందు వారసులంతా కూర్చుని పంపకం రాసుకుని మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) చేయించుకోవాలి. ఆడపిల్లల వాటా సంగతి అప్పుడు మాట్లాడకుండా వదిలేస్తే పదేళ్లకు అది కోర్టు కేసై అద్దె మొత్తం ఆగిపోతుంది.

ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన డి-పట్టా భూమైతే ఇంకా జాగ్రత్త. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టంలో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు కూడా అందులోకే వస్తుంది. 2023లో సవరణ చేసి, ఇరవై ఏళ్లు దాటిన అసలు లబ్ధిదారులకు హక్కులిచ్చారు, తర్వాత 2024లో అలా హక్కులొచ్చిన (ఫ్రీహోల్డ్) భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు. అందుకే దళారి నోటిమాట నమ్మి ముందుకు పోకండి. మీ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందా లేదా అని తహసీల్దారుకు అర్జీ పెట్టి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఇప్పుడు అద్దె సంగతి. అందరూ ఎకరాకు ఎంత అనే దగ్గరే ఆగిపోతారు, అసలు తేడా పెంపులో ఉంది. మన వైపు ఎక్కువగా వినిపించేది ముప్పై వేలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. లెక్క వేయండి. ముప్పై వేలతో మొదలైతే ఇరవై ఐదో ఏట వచ్చేది సుమారు 53,900 రూపాయలు. అదే 5 శాతం ఏటేటా పెరిగితే ఆ ఏడు 96 వేలు దాటుతుంది. మొత్తం ఇరవై ఐదేళ్లకు కలిపితే మొదటి పద్ధతిలో ఎకరాకు దాదాపు 10 లక్షలు, రెండో పద్ధతిలో 14 లక్షల పైన. కాగితంలో ‘రెండేళ్లకు’ అన్న ఒక్క మాటకు ఎకరాకు నాలుగు లక్షలు పోతున్నాయి! మొదటి ఏడాది అద్దెలో ఒక వెయ్యి తగ్గినా ఫర్వాలేదు, పెంపు మాత్రం ఏటా ఉండాలని పట్టుబట్టండి. అలాగే ఇదే ప్రాజెక్టులో పక్క రైతుకు ఎక్కువ ఇస్తే నాకూ అదే రేటు ఇవ్వాలని ఒక వాక్యం రాయించండి, పెద్ద రైతులతో విడిగా బేరాలు జరగడం మామూలే.

అద్దె ఎప్పటి నుంచి మొదలవుతుందో కూడా చూడండి. చాలా డ్రాఫ్టుల్లో ‘ప్రాజెక్టు నుంచి కరెంటు మొదలైన తేదీ నుంచి’ అని ఉంటుంది. అంటే ఈ రోజు సంతకం పెట్టి, చేను బీడు పెట్టి, మూడేళ్లు ఎదురుచూసినా పైసా రాదు, వేరేవాళ్లకు ఇచ్చే వీలూ ఉండదు. అద్దె సంతకం రోజు నుంచి, లేదంటే భూమి అప్పగించిన రోజు నుంచి రావాలి. ముందు ఒప్పందం మాత్రమే రాసుకుంటామంటే దానికి ఒక ఏడాది గడువు, ఆ ఏడాదికి ఎంతో కొంత డబ్బు, గడువు దాటితే ఒప్పందం దానంతటదే రద్దు. ఈ మూడూ లేకపోతే ఒప్పుకోకండి.

సంతకం పెట్టే కంపెనీ ఎవరో కనుక్కోండి. పేరు పెద్దదే చెబుతారు, కాగితం మీద మాత్రం ఆ ప్రాజెక్టు కోసమే పెట్టిన చిన్న కంపెనీ ఉంటుంది. రేపు అది చేతులెత్తేస్తే అద్దెకు ఎవరు పూచీ? మాతృ కంపెనీ హామీ రాయించండి, కంపెనీ చేతులు మారితే మీకు నోటీసు రావాలని కూడా. బ్యాంకు లోను కోసం తాకట్టు పెట్టుకునే హక్కు అడుగుతారు, అది లీజు హక్కు వరకే, భూమి మీద కాదు అని స్పష్టంగా ఉండాలి. మీ తరఫున సంతకాలు పెట్టే అధికారమిచ్చే జీపీఏ మాత్రం ఎవరికీ ఇవ్వకండి, ఎంత తెలిసినవాళ్లైనా సరే.

ఇంకొక వాక్యం అవసరం: కరెంటు కొనే పంపిణీ సంస్థ (డిస్కం) నుంచి కంపెనీకి డబ్బు వచ్చినా రాకపోయినా అద్దె ఆగకూడదు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం సోలార్, విండ్ కరెంటు కొనుగోలు ఒప్పందాల (పీపీఏల) రేట్లు తగ్గించాలని పట్టుబట్టింది, గొడవ హైకోర్టుకు పోయి 2022 మార్చిలో గానీ కంపెనీల వైపు తీర్పు రాలేదు. అలాంటి రోజు మళ్లీ వస్తే ఆ భారం రైతు మీద పడకూడదు.

నీళ్ల విషయం మన అనంతపురంలో ప్రత్యేకంగా చెప్పాలా? దుమ్ము పడితే ప్యానెళ్లు కడగాలి, దానికి నీళ్లు కావాలి. మీ భూమిలో కొత్త బోరు వేయకూడదని, నీళ్లు లేకుండా బ్రష్‌లతో శుభ్రం చేసే పద్ధతి వాడాలని అడగండి. చేల మధ్య పారే వంకను పూడ్చి చదును చేస్తే కింద ఉన్న చెరువుకు నీళ్లు రావు, పై చేను మునుగుతుంది, ఆ గొడవ ఊరంతటిదీ అవుతుంది. వంక, బండ్ల రస్తా, గొర్రెలు పోయే దారి ఇవన్నీ మ్యాపులో గుర్తుపెట్టించి, ఆ మ్యాపును అగ్రిమెంటుకు జతచేయించండి. ఎనిమిది ఎకరాల్లో ఆరే తీసుకుంటామంటే మిగిలిన రెండింటికి దారి ఏదో ముందే తేల్చండి.

లీజు అయిపోయాక ఏమిటన్నది ఎవరూ అడగరు, ఎందుకంటే అది అంత దూరంగా కనిపిస్తుంది. అప్పటికి చేను మీ మనవళ్ల చేతిలో ఉంటుంది. కాంక్రీటు దిమ్మెలు, భూమిలోని కేబుళ్లు, పగిలిన ప్యానెళ్లు తీసి, పైమట్టి మళ్లీ పరచి, సాగుకు పనికొచ్చేలా అప్పగించాలి, ఎన్ని నెలల్లో అన్నది ఉండాలి, దానికి బ్యాంకు గ్యారంటీ ఉండాలి. పాత ప్యానెళ్లు 2022 ఈ-వేస్ట్ నిబంధనల కిందకి వస్తాయి, మీ చేలో పూడ్చిపోవడం కుదరదు.

కౌలుకు చేసే మనిషి ఉంటే ఆ ఏటి పంట అయ్యేదాకా ఆగి భూమి అప్పగించండి, వీలైతే ప్రాజెక్టులో కాపలా, గడ్డి కోత పనులు ముందు వాళ్లకే ఇవ్వాలని అడగండి. మనకు అద్దె వస్తుంది, వాళ్లకు చేనే పోతుంది. లీజు డబ్బు వ్యవసాయ ఆదాయం కిందకి రాదు, కాబట్టి పన్ను వర్తిస్తుంది, పాన్ సిద్ధంగా పెట్టుకుని ఒకసారి ఆడిటరును కలవండి. పంట రుణం, పంట బీమా సాగు చేసే భూమికే, ఆ లెక్క కూడా అద్దెతో పాటు వేసుకోవాలి.

కరెంటు లైను టవరు పడే చేలకు వేరే లెక్క. 2024 జూన్‌లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో టవరు కింద పోయే భూమికి విలువలో 200 శాతం, తీగల కింది కారిడార్‌కు 30 శాతం అని ఉంది. మీ లైనుకు ఏ రేటు అమలు చేస్తున్నారో కలెక్టరేట్లో రాతపూర్వకంగా అడగండి.

ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కావాల్సిందే, నోటరీ కాగితం చాలదు. ఖర్చు కంపెనీదే అని ముందే అనుకోండి. డ్రాఫ్టు ఇంగ్లీషులో ఉంటే తెలుగులో కూడా ఇవ్వమనండి, రెండూ తీసుకుని సొంత వకీలుకు చూపించండి, కంపెనీ పంపిన వకీలుకు కాదు. రిజిస్ట్రేషన్ అయ్యాక సర్టిఫైడ్ కాపీ తీసుకుని, అద్దె పడాల్సిన తేదీ ఇంట్లో అందరికీ తెలిసేలా రాసి పెట్టండి. ఆ తేదీ దాటి నెలైనా డబ్బు పడకపోతే ఫోన్లతో కాలం గడపకుండా రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, రసీదును ఆ కాపీతోనే దాచండి.