యాభై దాటాక చెన్నైలో పరుగు మొదలుపెట్టడం ఎలా?

లేడికి లేచిందే పరుగు. పాతికేళ్లు కుర్చీకి అతుక్కుపోయి యాభై దాటిన మనిషికి ఆ వీలు లేదు. అయితే దెబ్బ తగిలేది అందరూ భయపడే మొదటి వారంలో కాదు, ఐదో వారంలోనో ఆరో వారంలోనో. అప్పటికి ఆయాసం తగ్గుతుంది, హుషారు పెరుగుతుంది. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే దారికొస్తాయి. మడమ వెనకాల ఉండే టెండన్ (పిక్క కండరాన్ని మడమ ఎముకకి కలిపే పట్టీ), కాలి ఎముకలు గట్టిపడాలంటే నెలలు కావాలి. ఊపిరి సరేనంటుంది, కాలు ఇంకా సిద్ధంగా ఉండదు. కింద చెప్పిన వారాల లెక్కంతా ఈ తేడా కోసమే.

1. ముందు డాక్టరు

బీపీ, షుగరు, ఈసీజీ చూపించుకోండి. మెట్లెక్కితే ఛాతీ బిగపట్టినట్టు ఉన్నా, ఉన్నట్టుండి కళ్లు తిరిగినా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినా డాక్టరు దగ్గర దాచొద్దు. ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమో కాదో ఆయనే చెబుతారు.

మందుల విషయం చాలామంది అడగరు, అడగాలి. బీపీకి, గుండెకి ఇచ్చే అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకి గుండె వేగం పెద్దగా పెరగదు. కాబట్టి వాచీ చూపించే అంకెని నమ్ముకుని వేగం పెంచకూడదు. బీపీకి ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడేవాళ్లు చెన్నై ఉక్కలో త్వరగా నీరసపడతారు. షుగరుకి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ మాత్ర గానీ వాడేవాళ్ల జేబులో మూడు చెంచాల పంచదార పొట్లం ఉండి తీరాలి. షుగరు పడిపోయి చేతులు వణికినా, చల్లటి చెమట పట్టినా అది నోట్లో వేసుకుని కూర్చోవాలి. "ఇంకో రెండు నిమిషాలేగా" అనుకుంటూ సాగడం పనికిరాదు.

2. నాలుగు వారాలు నడకే

వారానికి ఐదు రోజులు, రోజుకి 30 నిమిషాలు. నాలుగో వారం చివర 45 నిమిషాలు చురుగ్గా నడిచి చూడండి. మర్నాడు పొద్దున లేచాక కాళ్లలో ఎక్కడా నొప్పి లేకపోతే పరుగుకి అర్హత వచ్చినట్టే. నొప్పి ఉంటే ఇంకో రెండు వారాలు నడవండి, కొంపేమీ మునగదు.

నడకకి మైలాపూరు వైపు వాళ్లకి లజ్‌లోని నాగేశ్వరరావు పార్కు బాగుంటుంది. అమృతాంజనం స్థాపించిన మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే అది. అన్నానగర్ వాళ్లకి టవర్ పార్కు ఉంది. అలిసిపోతే కూర్చోడానికి బెంచీ దగ్గర్లోనే ఉంటుంది. పరుగుకి మాత్రం ఇలాంటి పార్కులు ఇరుకు, పొద్దున్నే నడిచేవాళ్ల రద్దీ ఎక్కువ.

3. బూట్లు

సాయంత్రం కొనండి. పగలంతా నిలబడి తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, పరిగెత్తినప్పుడూ అంతే. వేసుకోబోయే సాక్సులు తొడుక్కునే వెళ్లండి. నిలబడి చూస్తే పొడవైన వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మామూలు చెప్పుల సైజు కంటే ఒకటి పెద్దది పట్టొచ్చు, మొహమాటపడొద్దు. మడమ జారకూడదు. జారుతుంటే లేసుని చివరి రంధ్రం దాకా ఎక్కించి కట్టి చూడండి. అలమరలో ఐదేళ్లుగా పడి ఉన్న బూట్లు పైకి కొత్తగా కనిపించినా లోపలి ఫోము గట్టిపడిపోయి ఉంటుంది, వాటితో మొదలుపెట్టొద్దు. షుగరు ఉన్నవాళ్లు తొడుక్కునే ముందు బూటు దులపాలి, విప్పాక అరికాలు చూసుకోవాలి. స్పర్శ తగ్గిన పాదానికి గులకరాయి కూడా తెలియదు.

4. పరుగు

మొదలుపెట్టడానికి డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికంటే మంచి రోజులు. వారానికి మూడు రోజులే, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. ప్రతిసారీ ముందు 5 నిమిషాలు, చివర 5 నిమిషాలు నడక. మధ్యలో ఇలా:

1–2 వారాలు: 30 సెకన్లు పరుగు, 2 నిమిషాలు నడక, 8 సార్లు
3–4 వారాలు: 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక, 7 సార్లు
5–6 వారాలు: అదే, ఏమీ పెంచొద్దు
7–9 వారాలు: 2 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక, 6 సార్లు
10–12 వారాలు: 3 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక, 5 సార్లు
13–16 వారాలు: 5 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక, 4 సార్లు

ఐదు, ఆరు వారాల్లో ఏమీ పెంచొద్దన్నది పొరపాటున రాసింది కాదు. "ఇంత తేలిగ్గా ఉందేంటి" అనిపించేది సరిగ్గా అప్పుడే, పిక్క పట్టేసేదీ అప్పుడే.

వేగం సంగతికొస్తే, మీరు అనుకునేదాంట్లో సగం చాలు. పరిగెడుతూ మీ ఫోన్ నంబరు పది అంకెలూ మధ్యలో రొప్పకుండా పైకి చెప్పండి. ఆరో అంకె దగ్గర ఊపిరి తెగిందంటే వేగం ఎక్కువైనట్టు. పక్కన నడిచేవాళ్లు మిమ్మల్ని దాటిపోవచ్చు, పోనివ్వండి. అడుగు పొట్టిగా వేయండి, పాదం ఒంటి కిందే పడాలి. కాలు ముందుకి చాపి మడమతో ధన్‌మని దిగితే ఆ అదురంతా మోకాలికి పోతుంది. అడుగుల చప్పుడు మీకే గట్టిగా వినిపిస్తుంటే అడుగు ఇంకా పొట్టి చేయాలి.

మెరీనాలో లేబర్ స్టాచ్యూ నుంచి లైట్ హౌస్ దాకా కాలిబాట దాదాపు 3 కిలోమీటర్లు, ఎత్తుపల్లాలు లేవు. దూరం చూడకుండా గడియారం చూసి, సగం సమయం అవగానే వెనక్కి తిరగండి. ఇసుకలో పరిగెత్తితే మోకాళ్లకి మెత్తగా ఉంటుందని ఎవరో ఒకరు చెబుతారు. వినొద్దు. ఇసుకలో మడమ కిందికి దిగిపోయి పిక్క, టెండన్ మామూలు కంటే ఎక్కువ సాగుతాయి. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి.

5. పిక్కకి పని చెప్పండి

ఈ వయసులో పరుగు మానిపించేది మోకాలు ఒక్కటే కాదు, తరచుగా పిక్క కూడా. వారానికి రెండు రోజులు, ఇంట్లో మెట్టు అంచున ముందు పాదాల మీద నిలబడి, గోడ పట్టుకుని, రెండు కాళ్లతో పైకి లేవండి. మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా కిందికి దిగండి. అసలు పని దిగడంలోనే ఉంది. 12 సార్లు చొప్పున రెండు విడతలతో మొదలుపెట్టి, 15 చొప్పున మూడు విడతల దాకా పెంచండి. దీంతోపాటు చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి 10 సార్లు లేచి కూర్చోవడం. పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడటం, పక్కనే పట్టుకోడానికి ఏదైనా ఉండాలి.

పరుగులో తుమ్మినప్పటిలా మూత్రం చుక్కలు పడటం ఆడవాళ్లలో, ముఖ్యంగా కాన్పులయినవాళ్లలో, మామూలే. దానికోసం పరుగు మానక్కర్లేదు. కటి కండరాల వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు నేర్పుతారు.

ఎండ, చెమట

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. చెన్నైలో అసలు ఇబ్బంది ఎండ ఒక్కటే కాదు, గాల్లో తేమ. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. సముద్రం పక్కన చల్లగా ఉంటుందనుకుంటారు. వేసవి పొద్దుల్లో గాలి నేల మీంచి సముద్రం వైపే వీస్తుంది, సముద్రపు గాలి తిరిగేసరికి మధ్యాహ్నం అవుతుంది. మే నెలలో 6 గంటలకి ముందే సూర్యుడు వచ్చేస్తాడు కాబట్టి 5:15కల్లా బయల్దేరాలి, వేగం ఇంకా తగ్గించాలి.

నూలు బనియన్ తడిసి బరువెక్కి ఒరుసుకుంటుంది. తొడల మధ్య, చంకల్లో కొబ్బరినూనె రాసుకోండి. బయల్దేరే అరగంట ముందు ఒక గ్లాసు నీళ్లు చాలు. వెళ్లే ముందు, వచ్చాక బరువు చూసుకోండి. కిలో తగ్గిందంటే దాదాపు లీటరు నీరు పోయినట్టు. దాన్ని ఒక్కసారిగా కాకుండా మజ్జిగతో, నీళ్లతో రెండు మూడు గంటల్లో తీర్చుకోవాలి. బీపీ ఉన్నవాళ్లు మజ్జిగలో ఉప్పు తగ్గించుకోండి. అంత ఉక్కలోనూ ఒళ్లు జలదరించినా, తల తిరిగినా ఆగి నీడలో కూర్చుని నెత్తిన నీళ్లు పోసుకోండి. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా ఆసుపత్రికే.

ఏ నొప్పికి ఆగాలి?

పదికి మూడు లోపు ఉండి, మర్నాటికి పోయేది పర్వాలేదు. పరిగెడుతుంటే ఎవరో వెనక నుంచి పిక్క మీద రాయితో కొట్టినట్టు అనిపిస్తే కండరం చిరిగి ఉండొచ్చు, అక్కడితో ఆపి ఆటోలో ఇంటికి రండి. ముంగాలి ఎముక మీద వేలితో నొక్కితే ఒక్క చోటే ప్రాణం పోయేలా ఉంటే ఎముక చిట్లిందేమో చూపించుకోవాలి. పిక్క వాచి, వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమోనని ఆ రోజే వెళ్లాలి. పొద్దున మంచం దిగగానే మడమ కింద పొడిచినట్టుంటే ఓ వారం నడకకి తగ్గండి.

బామ్ రాసుకుని పరుగుకి బయల్దేరేవాళ్లున్నారు. అందులోని మెంథాల్, కర్పూరం నొప్పి తెలియకుండా చేస్తాయి, చిరిగినదాన్ని అతికించవు. పంతులుగారి అమృతాంజనం మీద ఎంత అభిమానమున్నా పరుగయ్యాకే రాసుకోండి.

తిండి

పరుగుకి ముందు అరకప్పు ఫిల్టర్ కాఫీ తాగొచ్చు, కాకపోతే అది కడుపుని కదిలిస్తుంది. బయల్దేరడానికి అరగంట ముందే తాగండి. 65 కిలోల మనిషి 3 కిలోమీటర్లు పరిగెత్తితే ఖర్చయ్యేది సుమారు 200 క్యాలరీలు. దారిలో తినే నేతి రోస్టు దోశకి అది చాలదు. కండకి కావాల్సింది ప్రోటీను: గుడ్డు, పెసరట్టు, గట్టి పెరుగు.

వానలొస్తే

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వీధుల్లో నీళ్లు నిలిచిన చోట మూతలేని కాలువ ఉందో గుంట ఉందో కనిపించదు. అలాంటి రోజుల్లో అపార్ట్‌మెంటు మెట్లెక్కి దిగండి, పిక్కల వ్యాయామం మానొద్దు. ఎన్ని వారాలు పరుగు ఆగిపోతే పై పట్టికలో అన్ని వారాలు వెనక్కి వెళ్లి అక్కణ్ణుంచి మళ్లీ ఎత్తుకోండి. నెల దాటితే మాత్రం మొదటి వారం, 30 సెకన్ల దగ్గరికే.