‘కిల్లింగ్ ఇన్ ద నేమ్’ను గిటార్‌పై వాయించడం ఎలా?
రేజ్ అగైనెస్ట్ ద మెషిన్ అనే రాక్ బృందం 1992లో విడుదల చేసిన తమ తొలి సింగిల్ అయిన ఈ పాటను వాయించాలంటే ముందుగా గిటార్‌ను డ్రాప్ డి శ్రుతికి, అంటే ఆరో తీగ ‘ఇ’ నుంచి ‘డి’ స్వరానికి దిగేలా, తేవాలి. అన్నిటికన్నా లావైన ఆరో తీగను, నాలుగో తీగతో కలిపి మీటుతూ, రెండింటి మధ్య అలలా వినిపించే కంపనం పూర్తిగా ఆగేవరకు కొద్దికొద్దిగా వదులు చేయాలి. బృందం గిటారిస్టు టామ్ మొరెల్లో ఒక విద్యార్థికి ఈ శ్రుతినే నేర్పుతుండగా ఈ పాట రిఫ్ (పదేపదే వచ్చే చిన్న స్వరాల వరుస) తట్టిందని ఆయనే చెప్పారు. ఇప్పుడు లావైన మూడు తీగలపై ఒక్క వేలు అడ్డంగా ఆనిస్తే చాలు, పవర్ కార్డ్ (రాక్ సంగీతంలో వాడే, రెండే స్వరాలతో కూడిన గట్టి మోత) పలుకుతుంది. అయితే ఈ రిఫ్ బలమంతా స్వరాల మధ్య విరామాల్లోనే ఉంది కాబట్టి, మీటిన వెంటనే ఎడమచేతి వేళ్ల పట్టు సడలించి మోతను ఆపాలి. డిస్టార్షన్ (గిటార్ ధ్వనిని గరుకుగా మార్చే ఎఫెక్ట్) అతిగా పెంచితే ఆ విరామాలు రొదలో మునిగిపోతాయి. సోలోకు (గిటార్ ఒంటరిగా ముందుకొచ్చే భాగానికి) వామీ పెడల్, అంటే కాలితో నొక్కి స్వరాన్ని పైకీ కిందికీ జరిపే పరికరం, కావాలి. అది లేనివారు తాళం లెక్క వినిపించే మెట్రోనోమ్‌ను నెమ్మదిగా పెట్టుకుని రిఫ్‌నే సాధన చేయడం మేలు.