చెన్నైలో బీఏ: ఒక ప్రశ్నను మూడేళ్లు వెంటపెట్టుకోవడం

నెల్లూరు నుంచో తిరుపతి నుంచో వచ్చి చెన్నైలో చరిత్ర, ఆర్థికశాస్త్రం, సాహిత్యం వంటి విషయాలతో బీఏలో చేరిన విద్యార్థికి మొదటి సెలవుల్లోనే ఎదురయ్యే మాట "ఇది చదివి ఏం చేస్తావు?" అన్నది. ఇంజనీరింగ్‌లో చేరినవారిని ఎవరూ అలా అడగరు. వారి కోర్సు పేరే వారి తరఫున జవాబు చెబుతుంది. మన చదువులో ఆ సౌకర్యం లేదు. ఆరు సెమిస్టర్లలో చదివే పేపర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు, వాటిని కలిపే పని విద్యార్థే చేసుకోవాలి. అందుకు నాకు తెలిసిన మేలైన దారి, మొదటి ఏడాది ముగిసేలోగా ఒక ప్రశ్నను ఎంచుకొని ప్రతి పేపరునూ దాని దగ్గరికి తీసుకురావడం.

ఆ ప్రశ్న పెద్ద సిద్ధాంతమేమీ కానక్కరలేదు. హాస్టల్ కుళాయిలో వచ్చే నీరు ఎక్కడిది అన్నది చాలు. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ కృష్ణా జలాల వాటాల నుంచి చెన్నైకి తలా 5 టీఎంసీలు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983 ఒప్పందంతో తెలుగుగంగ పథకం రూపుదిద్దుకుంది. ఆ 15 టీఎంసీలలో దారిలో పోయే 3 తీసివేయగా 12 తమిళనాడు సరిహద్దుకు చేరాలన్నది లెక్క. నెల్లూరు జిల్లాలోని కండలేరు జలాశయం నుంచి కాలువ ద్వారా చెన్నై దగ్గరి పూండి జలాశయానికి వచ్చే ఆ నీటిని రాజనీతిశాస్త్ర విద్యార్థి రాష్ట్రాల మధ్య ఒప్పందంగా చదవవచ్చు. ఆర్థికశాస్త్రం చదివేవారు 2019 వేసవిలో నగర జలాశయాలు దాదాపు ఎండిపోయినప్పుడు ట్యాంకరు నీటి ధర ఏమైందో పరిశీలించవచ్చు. నాలుగేళ్ల ముందే, 2015 డిసెంబరులో, అదే నగరం వరదలో మునిగింది కనుక చరిత్ర విద్యార్థి పూడిపోయిన చెరువుల జాడ వెతకవచ్చు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు కాలువ గట్టున పొలాలున్న రైతులను అడిగితే, ఈ నీటి గురించి చెన్నైలో వినిపించని కథ వినిపిస్తుంది. నీటిపై ఆసక్తి లేనివారు మరొకటి ఎంచుకోవచ్చు. షరతు ఒక్కటే, నడిచి వెళ్లి చూడగలిగినదై ఉండాలి.

చూడడానికి ఈ నగరంలో కొదవ లేదు. ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలున్నాయి. ఆ ప్రాంగణాన్ని ఆనుకొనే 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం ఉంది. కొట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో సొంత పుస్తకాలతో కూర్చొని చదువుకునే వసతి ఉంది. ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరించిన తెలుగు కైఫీయతులను, అంటే ఊళ్ల స్థానిక చరిత్రలను, భద్రపరిచింది. ఊళ్ల చరిత్రపై ప్రశ్న ఉన్నవారు కళాశాల నుంచి పరిచయ పత్రం తీసుకొని అక్కడికి వెళ్లాలి.

తమిళం గురించి ఒక మాట. పాఠశాలలో తమిళం చదవనివారికి బేసిక్ తమిళం అనే పేపరు ఉంటుంది. తెలుగు పిల్లలు దాన్ని ఏదో గట్టెక్కితే చాలన్నట్టు చూస్తారు, అది నష్టం. ట్యాంకరు డ్రైవరు ఇంగ్లీషులో చెప్పేది ఒక వాక్యం, తమిళంలో చెప్పేది అరగంట. పైగా తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబానికి చెందినవని కంపెనీ అధికారి ఎఫ్.డబ్ల్యూ. ఎల్లిస్ 1816లో నిరూపించింది ఈ ఊళ్లోనే, అదీ ఒక తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో. ఆ బంధుత్వం తెలిశాక తమిళం నేర్చుకోవడం సగం సులువవుతుంది.

ఇక రాయడం. ఇంటర్నల్ మార్కుల కోసం ముందురోజు రాత్రి కూర్చొని అసైన్‌మెంటు రాయడం అందరం చేసిన పనే. నా మొదటి ఏడాది వ్యాసాల్లో ఇవాళ చదవదగినది ఒక్కటీ లేదు. గడువుకు పది రోజుల ముందు మొదటి ప్రతి పూర్తి చేసి, దానిలో మీకే నమ్మకం కుదరని పేరా గుర్తించి, ఆ పేరాతో అధ్యాపకుల దగ్గరికి వెళ్లండి. "సార్, ఒకసారి చూడండి" అంటే ఎవరికీ తీరిక ఉండదు, "మేడమ్, ఇక్కడ నేను ఇచ్చిన కారణం సరిపోతుందా?" అంటే స్టాఫ్ రూమ్ గుమ్మంలోనే జవాబు దొరుకుతుంది. తరువాత తిరగరాసి, రెండు ప్రతులనూ దాచుకోండి. అరియర్లు (తప్పి మిగిలిపోయిన పేపర్లు) లేకుండా పాసవడం అవసరమే గాని, చివరి ఏడాది ప్రాజెక్టుకు పనికివచ్చేది ఆ కాగితాల కట్టే.

ఎంఏకు దరఖాస్తు చేసేటప్పుడు సిఫారసు లేఖను విభాగాధిపతిని అడగాలన్న నియమమేమీ లేదు. మీ మొదటి ప్రతినీ చివరి ప్రతినీ చదివిన అధ్యాపకులను అడగండి. గడువుకు కనీసం మూడు వారాల ముందు వెళ్లి, ఆ రెండు ప్రతులనూ వారి చేతికివ్వండి. మీరు ఏం మార్చారో, ఎందుకు మార్చారో చూసి వారు లేఖ రాయగలుగుతారు.