నెల సరుకుల ఖర్చు తగ్గించుకోవడం ఎలా?

కొట్టుకు బయల్దేరే ముందు వంటింట్లో డబ్బాల మూతలు తీసి చూడండి. చూడకుండా రాసిన చీటీతో వెళ్తే ఉన్న ఆవాలే మళ్లీ వస్తాయి, అయిపోయిన జీలకర్ర రాదు. లేనివే రాయండి, పేరు పక్కన తూకం తప్పకుండా వేయండి. ఉత్తినే 'కందిపప్పు' అని రాసుకుంటే చేతికందిన ప్యాకెట్ బుట్టలో పడుతుంది.

ఆ తూకం తెలియడానికి ఒక నెలపాటు ప్యాకెట్ విప్పిన తేదీని కాగితం మీద రాసి డబ్బాకు అంటించండి. కిలో కందిపప్పు 12 రోజుల్లో అయిపోతే మీ ఇంటికి నెలకు రెండున్నర కిలోలు కావాలి. నూనె, చక్కెర, టీ పొడికీ ఇదే లెక్క.

కొట్లో అసలు చూడాల్సింది ప్యాకెట్ ధర కాదు, వంద గ్రాములు ఎంత పడుతోందన్నది. ఎక్కువ మంది దెబ్బతినేది నూనె దగ్గరే. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. పక్కనే 850, 800, 750 గ్రాముల ప్యాకెట్లుంటాయి, చూపుకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఉదాహరణకు 910 గ్రాములది 150 రూపాయలు, 850 గ్రాములది 143 అనుకుందాం. ఏడు రూపాయలు కలిసొచ్చాయని రెండోది తీసుకుంటే నష్టమే. మొదటిది వంద గ్రాములు 16 రూపాయల 48 పైసలు, రెండోది 16 రూపాయల 82 పైసలు పడుతుంది. ధరను గ్రాములతో భాగించి వందతో హెచ్చవేస్తే తేలిపోతుంది. ప్యాకెట్ మీద గ్రాముకు ఇంత అని ముద్రించినా, అది ఎమ్మార్పీ మీద వేసిన లెక్క. కొట్టువాళ్లు తగ్గించి అమ్ముతుంటే మళ్లీ మీరే లెక్క కట్టుకోవాలి. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకేనన్న నమ్మకమూ వద్దు. షాంపూ చాలాసార్లు సాచెట్లలోనే చవక.

బియ్యం బస్తా కొనేటప్పుడు 25 కిలోలా, 26 కిలోలా అన్నది చూడండి. 2022 జూలై 18 నుంచి లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యానికి 25 కిలోల వరకు 5 శాతం జీఎస్టీ పడుతోంది. 26 కిలోల బస్తాలు అందుకే వచ్చాయి. రెండింటినీ కిలో ధరతోనే పోల్చాలి.

ఏడాదికి సరిపడా కొని పెట్టుకోదగ్గవి చింతపండు, ఎండుమిర్చి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొత్త సరుకు దండిగా వస్తుంది, బేరమాడే వీలూ అప్పుడే ఉంటుంది. గుప్పెడు మిరపకాయలు చేతిలోకి తీసుకుని ఊపండి, గింజలు గలగలమనాలి. చప్పుడు లేకుండా మెత్తగా వంగితే చెమ్మ ఉన్నట్టే. నీళ్ల బరువుకు డబ్బులిస్తారు, పైగా నెల తిరగకుండా బూజు పడుతుంది.

పప్పులు మాత్రం మూడు నెలలకు మించి నిల్వ చేయకండి. ఎండబెట్టాక పూర్తిగా చల్లారనిచ్చి డబ్బాలో పోయండి. వేడి మీద మూత పెడితే లోపల ఆవిరి పట్టి, పురుగుకు మనమే చోటిచ్చినట్టవుతుంది. వానాకాలంలో రవ్వ, గోధుమపిండి ఆ నెలకు సరిపడానే తెచ్చుకోండి. పురుగు పట్టి పారబోసిన కిలో రవ్వ, పది సరుకుల మీద ఆదా చేసిందంతా తినేస్తుంది.

కూరగాయలకు రైతుబజారు దగ్గర్లో ఉంటే అదే మేలు. ముందు ధరల బోర్డు చదివి, ఆ తర్వాత అంగళ్ల వైపు నడవండి. సరుకు వేయకముందు కాటా సున్నా చూపించాలి. చీకటిపడే వేళకు ధర దిగుతుంది కానీ, ఆకుకూరలు అప్పుడు కొంటే ఆ రాత్రికే వండేయాలి.

ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న చోట ముందు గడువు తేదీ చూడండి. డబ్బు కట్టాక కౌంటర్ దగ్గర నిలబడే బిల్లును చీటీతో సరిచూసుకోండి. బోర్డు మీద రాసిన తగ్గింపు బిల్లులో పడకపోతే అక్కడే అడగాలి. ఇంటికొచ్చాక అడిగితే వినేవాళ్లు తక్కువ.