బందరుకు రెండు రోజులు: హైదరాబాదు నుంచి వెళ్లేవారికి

హైదరాబాదువాసులకు సముద్రం అనగానే ముందు గుర్తుకు వచ్చేవి విశాఖపట్నం, గోవా. శని, ఆదివారాలు మాత్రమే చేతిలో ఉన్నవారికి ఆ రెండూ దూరమే. మన ఎల్బీనగర్ మీదుగా విజయవాడ వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారి సుమారు 340 కిలోమీటర్లు నడిచి మచిలీపట్నంలో, అంటే బందరులో, ఆగుతుంది. గోల్కొండ రాజ్యానికి ప్రధానమైన రేవు అదే కాబట్టి, ఆ దారి మనకు కొత్తది కాదనే చెప్పాలి. అయితే బందరును విహారకేంద్రమనుకొని వెళితే నిరాశ తప్పదు. అది పాత రేవు పట్టణమని తెలుసుకొని, సముద్రానికి తెల్లవారుజామును, మిగిలిన పొద్దును ఊరికీ, దగ్గర్లోని కలంకారీ అద్దకాల ఊరు పెడనకూ కేటాయించుకుంటే రెండు రోజులు చక్కగా సరిపోతాయి.

ముందుగా నెల ఎంచుకోవాలి. డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి చివరి వరకు హాయిగా ఉంటుంది. మే నెలలో ఉక్కపోతకు మధ్యాహ్నం గది దాటి కదలలేరు. అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్ల కాలం కనుక, బయలుదేరే ముందు వాతావరణ కేంద్రం ప్రకటన చూడడం తప్పనిసరి. బందరు రేవులో ప్రమాద సూచిక ఎగురవేశారన్న వార్త వినబడితే టికెట్ డబ్బుల గురించి ఆలోచించకుండా ప్రయాణం మానుకోవడమే మేలు. 1864లో వచ్చిన ఉప్పెనకు ఆ ఊళ్లో, చుట్టుపక్కల సుమారు 30,000 మంది చనిపోయారు. కార్తిక పౌర్ణమినాడు మంగినపూడి తీరంలో సముద్రస్నానానికి జనం కిక్కిరిసిపోతారు. ఒకసారి మేము గది కుదుర్చుకోకుండా ఆ రోజే వెళ్లి, ఎక్కడా చోటు దొరకక, తడిబట్టల మూటతో సాయంత్రం బస్సుకే తిరుగుముఖం పట్టాము. చేపల కోసం వెళ్లేవారు మరొకటి గుర్తుంచుకోవాలి: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం.

ప్రయాణానికి రాత్రి రైలు అన్నిటికంటే అనుకూలం. బీదర్ నుంచి బయలుదేరి సికింద్రాబాదు మీదుగా మచిలీపట్నం చేరే ఎక్స్‌ప్రెస్ ఉంది; శుక్రవారం రాత్రి ఎక్కితే శనివారం ఉదయానికి దిగవచ్చు. రిజర్వేషన్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి. తిరుగు ప్రయాణపు ఆదివారం రాత్రి బెర్తులే త్వరగా నిండిపోతాయి కాబట్టి దృష్టి వాటి మీద ఉంచాలి. బెర్తు దొరకకపోతే విజయవాడ వరకు ఏదో ఒక రైలు పట్టుకొని, అక్కడి నుంచి సుమారు 70 కిలోమీటర్లు బస్సులో వెళ్లవచ్చు. కారులో వెళ్లదలచినవారు సంక్రాంతి ముందు రోజులను మాత్రం విడిచిపెట్టాలి. పంతంగి టోల్‌గేటు దగ్గర ఆ వరుసలు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. బస ఊళ్లోనే పెట్టుకోవడం మంచిది. సముద్రం అక్కడికి పది, పన్నెండు కిలోమీటర్లే.

శనివారం ఉదయం టిఫిను ముగించి పెడన వెళ్లాలి. రైలు వచ్చేటప్పుడు పెడన మీదుగానే వస్తుంది గదా, అక్కడే దిగిపోదామని కొందరికి అనిపిస్తుంది కానీ, అంత పొద్దున్నే అద్దకం పని మొదలుకాదు. ఈ పనిని ఆదివారానికి వాయిదా వేయకూడదు, ఆ రోజు కార్ఖానాలు నడుస్తాయన్న భరోసా ఉండదు. శ్రీకాళహస్తిలో కలంకారీని కలంతో గీస్తే ఇక్కడ చెక్క అచ్చులతో అద్దుతారు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరవేసిన బట్ట లేత పసుపుగా మారుతుంది. పాత ఇనుప ముక్కలను, బెల్లాన్ని నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టిన ద్రవంలో అచ్చును ముంచి ఆ బట్ట మీద మోపి, పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తారు. అచ్చు లేపగానే కనిపించే గీత వెలిసిపోయినట్టే ఉంటుంది. ఇనుము, కరక్కాయ కలిసిన కొద్దీ అది మన కళ్లముందే నలుపెక్కుతుంది. ఎరుపు సంగతి ఇంకా చిత్రం: ముందు పటిక అద్ది, తరువాత బట్టను రంగునిచ్చే వేళ్లతో ఉడికిస్తే, పటిక అంటిన చోటే రంగు నిలుస్తుంది. ఇది చూడడానికి కనీసం రెండు గంటలు పెట్టుకోవాలి. కొనేటప్పుడు అచ్చుకు అచ్చు కలిసే చోట పరీక్షగా చూడాలి. చేత్తో అద్దిన బట్టలో అక్కడక్కడ వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది. గజాల కొద్దీ ఎక్కడా తేడా లేకుండా ఉంటే అది స్క్రీన్ ప్రింటు అయ్యే అవకాశం ఎక్కువ.

సాయంత్రం ఎండ తగ్గాక బందరుకోట వైపు డచ్చివారి సమాధులు చూడవచ్చు. ఇంగ్లీషువారు 1611లో రాకముందే డచ్చివారు ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు. ఆ తరువాత చిలకలపూడిలోని పాండురంగస్వామి ఆలయానికి వెళ్లాలి. గిల్టు నగలకు పేరుపడ్డ చిలకలపూడి కూడా ఇదే కాబట్టి, బేరమాడే ఓపిక ఉన్నవారు మరో గంట అదనంగా లెక్కవేసుకోవాలి.

ఆదివారం సూర్యోదయానికి అరగంట ముందే మంగినపూడిలో ఉండేటట్టు ఆటోను ముందు రాత్రే మాట్లాడుకోవాలి. తిరిగి రావడానికి కూడా అతనినే ఆగమని చెప్పడం మంచిది. అక్కడి తీరం నల్లమట్టి తీరం. నీరు నీలంగా కాక మట్టిరంగులో ఉంటుంది. లోతు తక్కువని పేరున్నా, పిల్లలను మోకాలి లోతు దాటనివ్వకూడదు. తెల్లని బట్టలు వేసుకొని వెళ్లేవారు వాటి మీద ఆశ వదులుకోవాలి. ఎనిమిది గంటలకల్లా ఎండ చురుక్కుమంటుంది, అప్పటికి తిరిగి వచ్చేయాలి.

మధ్యాహ్నం విశ్రాంతి, ఆ పైన మిఠాయిలు. బందరు లడ్డును తొక్కుడు లడ్డు అని కూడా అంటారు, శనగపిండితో చేసినదాన్ని బెల్లంపాకంలో కలిపి రోట్లో దంచుతారు కనుక. నోట్లో పలుకు తగలకపోవడమే దాని గుణం. కొనే ముందు ఒకటి రుచి చూడమంటే దుకాణంవారు ఏమీ అనుకోరు. నల్ల హల్వాకు నెయ్యి ఊరుతుంది కాబట్టి ఆ డబ్బాను రైల్లో విడిగా పెట్టుకోవాలి, పెడన బట్టలున్న సంచిలో మాత్రం పెట్టకూడదు.