కంప్యూటర్ సౌండ్ దానంతట అదే వేరే చోటికి మారిపోతుంటే ఆపడం ఎలా?

ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో మానిటర్ తగిలించగానే స్పీకర్లు మూగబోతాయి. వాల్యూమ్ చూస్తే నిండుగానే ఉంటుంది, మ్యూట్‌లోనూ ఉండదు, అయినా ఒక్క ముక్క వినపడదు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి ముందు ఇలా జరిగితే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. చాలామంది స్పీకరే పాడైందనుకుంటారు. నిజానికి ఏదీ పాడవలేదు, సౌండ్ మానిటర్‌కి వెళ్లిపోయిందంతే.

హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్లు బొమ్మతో పాటు శబ్దాన్నీ మోసుకెళ్తాయి. అందుకే విండోస్ మానిటర్‌ని కూడా ఒక స్పీకర్‌గా లెక్కేస్తుంది. చాలా మానిటర్లలో స్పీకర్లే ఉండవు, వెనకాల హెడ్‌ఫోన్ పిన్ పెట్టుకునే రంధ్రం ఒకటి ఉంటుంది. అయినా లిస్టులో మాత్రం దాని పేరు కనిపిస్తుంది. కొత్తగా తగిలించినదాన్నే మీరు వాడాలనుకుంటున్నారని విండోస్ చాలాసార్లు అనుకుంటుంది. మానిటర్ స్లీప్‌లోకి వెళ్లి లేచినప్పుడు కూడా ఇదే తంతు జరగొచ్చు.

కాబట్టి ప్రతిసారీ స్పీకర్ గుర్తు నొక్కి మార్చుకుంటూ కూర్చోవద్దు. మీరు ఎప్పటికీ వాడని డివైస్‌ని లిస్టులోంచే తీసేయండి. నా దృష్టిలో అసలైన మందు ఇదొక్కటే. విండోస్ 10, 11 రెండింటిలోనూ పద్ధతి ఒకటే.

1. కీబోర్డు మీద విండోస్ కీ, ఆర్ కీ కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో ఎం-ఎం-ఎస్-వై-ఎస్, ఒక చుక్క, సి-పి-ఎల్ అనే ఇంగ్లిష్ అక్షరాలు ఖాళీ లేకుండా టైప్ చేసి ఎంటర్ కొట్టండి.

2. తెరుచుకున్న పెట్టెలో ప్లేబ్యాక్ ట్యాబ్ చూడండి. ఆకుపచ్చ టిక్ ఉన్నదాంట్లోకే ఇప్పుడు సౌండ్ వెళ్తోంది.

3. మీ మానిటర్ మోడల్ పేరున్న డివైస్‌ని వెతకండి. పేరు కింద ఎన్‌విడియా హై డెఫినిషన్ ఆడియో అనో, ఇంటెల్ డిస్‌ప్లే ఆడియో అనో ఉంటే అదే. దాని మీద రైట్ క్లిక్ చేసి డిసేబుల్ నొక్కండి. బొమ్మకేమీ కాదు, భయపడకండి.

4. మీ అసలు స్పీకర్లని ఎంచుకుని సెట్ డిఫాల్ట్ నొక్కండి. ఆ బటన్ పక్కనున్న బాణం నొక్కితే డిఫాల్ట్ కమ్యూనికేషన్ డివైస్ అని ఇంకోటి వస్తుంది. దాన్నీ ఈ స్పీకర్లకే పెట్టండి. పాటలు ఒక దాంట్లో, కాల్స్ ఇంకో దాంట్లో వినిపించడానికి తరచూ ఈ రెండోదే కారణం.

ఇప్పుడు కేబుల్ పీకి మళ్లీ పెట్టి చూడండి. సౌండ్ కదలకపోతే పని అయినట్టే. ఎప్పుడైనా మానిటర్ సౌండ్ కావాలనుకుంటే అదే పెట్టెలో ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, డిసేబుల్ చేసిన డివైస్‌లు చూపించమని టిక్ పెట్టి, ఎనేబుల్ చేసుకోండి.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ సంగతి వేరు. అవి రోజూ కావాలి, డిసేబుల్ చేస్తే మనకే ఇబ్బంది. ఇక్కడ యాప్‌కో డివైస్ కేటాయించడం మేలు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్, వాల్యూమ్ మిక్సర్ వరుసగా తెరవండి. అప్పుడు నడుస్తున్న యాప్‌లు అక్కడ కనిపిస్తాయి, ఒక్కోదానికి అవుట్‌పుట్ డివైస్ ఎంచుకోవచ్చు. జూమ్‌లో అయితే దాని ఆడియో సెట్టింగ్స్‌లోనే స్పీకర్ దగ్గర ‘సేమ్ యాజ్ సిస్టమ్’ తీసేసి మీ స్పీకర్ పేరు పెట్టండి. పిల్లల క్లాసులకి ఒకే కంప్యూటర్ వాడే ఇళ్లలో ఈ ఒక్క మార్పు చాలా గొడవ తప్పిస్తుంది.

ఇయర్‌బడ్స్‌తో కాల్ మొదలవగానే సౌండ్ పాత ల్యాండ్‌లైన్‌లా మారిపోతే దానికి కారణం మైక్. మామూలు బ్లూటూత్‌లో మైక్ కూడా పనిచేయాల్సి వచ్చేసరికి సౌండ్ నాణ్యత పడిపోతుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ దగ్గర ల్యాప్‌టాప్ సొంత మైక్ ఎంచుకోండి.

మ్యాక్‌లో ఎయిర్‌పాడ్స్ ఐఫోన్ నుంచి వాటంతట అవే వచ్చి అతుక్కుంటుంటే, వాటిని పెట్టుకుని సిస్టమ్ సెట్టింగ్స్‌లో బ్లూటూత్ తెరిచి, ఎయిర్‌పాడ్స్ పక్కనున్న ఐ గుర్తు నొక్కండి. ‘కనెక్ట్ టు దిస్ మ్యాక్’ దగ్గర ఆటోమేటిక్ బదులు, చివరిసారి ఈ మ్యాక్‌కే కనెక్ట్ అయి ఉంటేనే అనే ఎంపిక పెట్టండి.

సరిగ్గా మీటింగ్ మధ్యలో సౌండ్ పోయిందనుకోండి, ఇవన్నీ చేసే టైముండదు. విండోస్ 11 కొత్త వెర్షన్లలో విండోస్, కంట్రోల్, వి కీలు కలిపి నొక్కితే డివైస్‌ల లిస్టు వెంటనే వస్తుంది, స్పీకర్ ఎంచుకుని మీటింగ్ కొనసాగించండి.

గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ అయ్యాక డిసేబుల్ చేసిన మానిటర్ మళ్లీ లిస్టులోకి రావచ్చు. వేరే పోర్టులో కేబుల్ పెట్టినా అంతే. అప్పుడు మూడో స్టెప్ ఇంకోసారి చేస్తే సరిపోతుంది.